అలుకు లేని గోడ

నేను పనిచేసే ఇంటిని చూడటానికి అప్పుడప్పుడు మనుషులు వస్తారు. మస్కట్ నుంచి వస్తారు, ఇంకా దూరాల నుంచీ వస్తారు. మెడలో కెమెరాలు వేలాడేసుకుని, పైకప్పు వంక తలెత్తి నడుస్తూ గడపలకు కాళ్లు తన్నుకుంటారు. మామా వాళ్లకు కాఫీ పోయించి ఇంటి కథ మొదలుపెడుతుంది. కథ చివర తప్పకుండా నా వైపు చెయ్యి చూపించి, ఈ ఇల్లు ఇలా నిలబడి ఉందంటే ఈ అమ్మాయి వల్లే అంటుంది. వాళ్లు నన్ను మెచ్చుకుంటారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. నన్ను పొగిడినా సరే, నా చెయ్యి భుజం మీదికే పోతుంది. ఖర్జూరాలు తెస్తానని చెప్పి వంటింట్లోకి తప్పుకుంటాను.

మామా అంటే ఈ ఇంటి యజమానురాలు. గల్ఫ్‌లో ఇళ్లలో పనిచేసే మా కడప జిల్లా ఆడవాళ్లందరూ యజమానురాలిని అలాగే పిలుస్తారు. మొదట్లో పండు ముసలామెను పట్టుకుని మామా అనాలంటే నాకు నవ్వు ఆగేది కాదు. ఇప్పుడు మా ఊరికి పోయి సొంత మేనమామను పిలిచినా ఈమె మొహమే గుర్తుకొస్తుంది.

సోహార్ నుంచి కొండల వైపు పోతుంటే ఖర్జూరపు తోటలు మొదలవుతాయి. ఆ తోటల మధ్య ఉంటుంది ఈ ఇల్లు. మామా తండ్రికి సముద్రం ఒడ్డున ఖర్జూరాల వ్యాపారం ఉండేదట. ఎండలు ముదిరితే ఒడ్డున ఉండలేక, సంసారం మొత్తం గాడిదల మీద ఎత్తుకుని తోటల్లోకి వచ్చేవాళ్లు. కాయలు పండి, కోత అయ్యేదాకా మట్టల గుడిసెల్లోనే కాపురం. ఒక ఏడు గాలివానకు గుడిసె లేచిపోయి, పసిబిడ్డతో ఉన్న భార్య తడిసిపోయిందని ఆయనకు పట్టుదల వచ్చింది. ఇక్కడే మట్టి ఇల్లు కడతానన్నాడు. ఆ పసిబిడ్డే మామా.

ఆ ఇంటికి కాగితం మీద గీత గీసింది లేదు. ఆయన కర్ర పట్టుకుని నేల మీద గీసుకుంటూ నడిచాడట. ఇక్కడ వాకిలి, ఇక్కడ వంటిల్లు, ఇక్కడి నుంచి గాలి వస్తుంది కాబట్టి ఇక్కడ పడక. మట్టి ఈ తోటలోదే. తొక్కి, గడ్డి కలిపి, ఇటుకలు కోసి ఎండబెట్టారు. పునాదికి రాయి వాగులో ఏరుకొచ్చారు. దూలాలు కాపు ఉడిగిన ఖర్జూరపు మాన్లు. వాటి మీద ఈనెల చాప, దాని మీద మట్టి. గోడల పైపూతకు బంకమట్టిని గుట్టగా పోసి కాల్చి, దంచి, సున్నంలా పట్టించారు. దాన్ని సారూజ్ అంటారు. బయటి నుంచి వచ్చింది ఒక్క తలుపు చెక్క. అది ఓడలో మన దేశం నుంచి వచ్చిన టేకు. ఆ సంగతి మామా చెప్పిన రోజు, పుట్టింటి మనిషి కనబడినట్టు పోయి ఆ తలుపును చేత్తో నిమిరి వచ్చాను.

చేతులతో కట్టిన ఇల్లని చూడగానే తెలుస్తుంది. గోడల్లో గూళ్లు ఉన్నాయి, ఏ రెండూ ఒక కొలతలో లేవు. మెట్లు ఒకటి మోకాలెత్తు, ఒకటి జానెడు. ఎక్కేటప్పుడు ఆ కట్టినవాడిని తిట్టుకుంటూ ఎక్కుతాను. కిటికీలు మాత్రం నేలకు ఆనుకుని ఉంటాయి. ఇదేం వింత అనుకున్నాను మొదట, నిలబడితే కాళ్లకు తప్ప మొహానికి గాలి తగలదు. ఒక మధ్యాహ్నం పని ముగించుకుని చాప మీద కూలబడితే అప్పుడు అర్థమైంది. ఇది కూర్చునే మనుషుల కోసం కట్టిన ఇల్లు. తోట మీది గాలి సరిగ్గా మెడకు వచ్చి తగిలింది. వంటింటి వెనక ఒక చీకటి గది ఉంది. నేల మీద సన్నటి కాలవలు తీసి ఉంటాయి. ఖర్జూరపు బస్తాలు వాటి మీద ఒకదాని మీద ఒకటి పేర్చితే, బరువుకి పాకం దానంతటదే కారి మూలనున్న కుండలో పడేదట. ఇప్పుడక్కడ గ్యాస్ బండలు పెట్టుకుంటున్నాం, కానీ వానలొస్తే ఆ గోడలు ఇప్పటికీ తియ్యటి వాసన వేస్తాయి.

మేడ మీది గదే మామాది. దాని కప్పుకు ఎరుపూ నలుపూ రంగులతో దానిమ్మ పూలు వేసి ఉన్నాయి. తలుపు చెక్కడానికి వచ్చిన వడ్రంగే అవీ వేశాడు. ఒక పూవు మాత్రం వంకరటింకరగా, గుమ్మడికాయలా ఉంటుంది. ఇల్లు పూర్తయ్యేసరికి ఐదారేళ్లున్న మామా మారాం చేస్తే భుజాల మీద ఎక్కించుకుని ఆమె చేత వేయించాడట. తండ్రి దాన్ని చెరిపి మళ్లీ వెయ్యమంటే వడ్రంగి ఒప్పుకోలేదట. ఆమె పడుకుని రోజూ దాన్ని చూస్తూ కళ్లు మూసుకుంటుంది.

ఆ తండ్రి పోయాక ఇల్లు మామాకు వచ్చింది, చుట్టూ తోట ఆమె తమ్ముడికి వెళ్లింది. వాకిలి తూర్పు గోడ ఇద్దరికీ సరిహద్దు, మామా మేడ గది దూలాలు ఆనేదీ దాని మీదే. గోడకు ఇవతల మేము. అవతల కొండల నుంచి వచ్చే పాతకాలపు నీటి కాలువ, గోడను ఒరుసుకుంటూ తమ్ముడి నిమ్మచెట్లకూ తండ్రి నాటిన మామిడిచెట్టుకూ పోతుంది. తమ్ముడు కూడా ముసలివాడే. సాయంత్రం నమాజు కాగానే కర్ర టకటకలాడిస్తూ వచ్చి అక్కతో కాఫీ తాగేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. మామా భర్త పోయి చాలా ఏళ్లయింది, కొడుకులు సోహార్ టౌన్లో ఉంటారు. రోజులో ఆమె ఎదురుచూసేది ఆ కర్ర చప్పుడు కోసమే.

ఇక నా సంగతి. నేను వచ్చిన మర్నాడు పొద్దున్నే లేచి, చీపురు పట్టుకుని, బకెట్లతో నీళ్లు గుమ్మరించి వాకిలి కడిగాను. ఎవరూ చెప్పలేదు, అడగలేదు. మా ఇళ్లలో ఆడది లేచిందంటే వాకిట్లో నీళ్లు పడాల్సిందే. నీళ్లు పడని వాకిలి చూస్తే ఆ ఇంట్లో ఏదో కీడు జరిగిందనుకుంటారు. మంచి ఇంట్లో పని దొరికింది, ఆ ఇంటికి కీడు వాసన తగలకూడదని నా ఆశ. బోరు మోటారు ఉంది, నీళ్లకు కరువు లేదు. కొడుకులు వాకిలికి బండలు పరిపించారు, వాటి వాలు తూర్పు గోడ వైపే. నేను చిమ్మిన నీళ్లన్నీ పోయి ఆ గోడ మొదట్లో నిలిచేవి. వాలు అలా పెట్టింది నేను కాదు కదా అని ఎన్నోసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బకెట్ మాత్రం నా చేతిలోనే ఉంది.

మా ఇంట్లో ఈ పని సగంతో ఆగేది కాదు. మాదీ మట్టి గోడల ఇల్లే. అమ్మ రోజూ కళ్లాపి చల్లేది, శుక్రవారం వచ్చిందంటే ఎర్రమట్టీ పేడా కలిపి గోడల అడుగుభాగమంతా చేత్తో అలికేది. వారమంతా నీళ్లు తిన్నదాన్ని ఆ అలుకు పూడ్చేది. నీళ్లూ అలుకూ జంట పనులు. నేను ఇక్కడికి రాకముందు వేరే గల్ఫ్ ఇంట్లో సంపాదించిన డబ్బుతో ఆ ఇల్లు పడగొట్టించి స్లాబు వేయించి టైల్స్ పరిపించాక, ఇకనుంచి మా ఇంట్లో ఎవరూ పేడలో చెయ్యి పెట్టాల్సిన పని లేదని ఊరంతా చెప్పుకున్నాను. ఇక్కడికొచ్చి మట్టి ఇంట్లో పడ్డాక, నీళ్లు పొయ్యడం గుర్తుంది, అలకడం గుర్తులేదు. గుర్తులేకపోవడం కూడా కాదు. మనసులో ఒకసారి మెదిలింది. వీళ్లు నమాజు చేసుకునే చోట పేడ పనికిరాదని ఒక సాకు దొరికింది. ఉత్త మట్టితో అయినా అలకొచ్చు. దేశం దాటి వచ్చి మళ్లీ మట్టి పిసకడమా అని నామోషీ పడ్డాను. అదీ అసలు నిజం.

కొన్నేళ్లకు గోడ అడుగు ఉబ్బింది. తెల్లగా ఉప్పు పూసింది. ఒకరోజు చీపురు తగిలితే తడిసిన బెల్లంలా ఇంత పెళ్ల ఊడి వచ్చింది. నేను దాన్ని చాటలోకి ఎత్తి, గబగబా తీసుకుపోయి ఖర్జూరపు చెట్టు మొదట్లో పోసేశాను. అప్పటికి నా వల్ల అని నాకు తెలియదు. తెలియనిదాన్ని ఎందుకు దాచానో ఇప్పటికీ నాకు నేను జవాబు చెప్పుకోలేను.

మరుసటి చలికాలానికి పగులు పైకి పాకి మామా గది దూలం దాకా వచ్చింది. కొడుకులు వచ్చి చూసి హడలిపోయారు. ఎండాకాలం లోపల గోడ బాగుపడకపోతే తల్లిని టౌన్‌లో విల్లాకు తీసుకుపోయి ఈ ఇంటికి తాళం వేస్తామన్నారు. మామా ఏడవలేదు, అరవలేదు. ఆ విల్లాలో కిటికీ తెరిస్తే పక్కింటి ఏసీ కనబడుతుంది, నేను అక్కడ ఎక్కువ రోజులు బతకను అంది. మామూలుగా, కాఫీలో ఏలకులు తక్కువయ్యాయన్నట్టే అంది.

ఆ సాయంత్రం తమ్ముడు రాగానే, నీ కాలువ నా గోడను తినేసింది అంది. ఆయనకు రోషం వచ్చింది. ఈ గోడ పుట్టకముందు నుంచి కాలువ ఉంది, నాన్నకు తెలియకుండానే పక్కన కట్టాడా అన్నాడు. ఒక మాటకు ఇంకో మాట తోడై, ఎప్పటివో తోట పంపకాల దాకా పోయింది. ఆయన కాఫీ ముగించకుండానే లేచి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి కర్ర చప్పుడు లేదు. ఆ వేళకు మామా మెట్లు దిగి కూర్చునేది, కాసేపటికి మళ్లీ ఎక్కిపోయేది.

కొడుకులు ఒక మేస్త్రిని మాట్లాడారు. జగిత్యాల వైపు మనిషి, సోహార్‌లో కంపెనీ పని. అంతకుముందు పాత కోటల మరమ్మతు సైట్‌లో చేసి మట్టి పని నేర్చుకున్నాడట. శుక్రవారం సెలవు కాబట్టి వచ్చాడు. మామా కూడా దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. అతను గోడకు అటుపక్క కాలువ దగ్గర తవ్వి చూశాడు, ఇటుపక్క తవ్వి చూశాడు, పిడికెడు మట్టి నలిపి చూశాడు. తర్వాత నాతో తెలుగులో అన్నాడు.

"అక్కా, గివి కాల్వ నీళ్లు గావు. కాల్వ దిక్కు రాయంత పొడిగున్నది. తడంత ఇంట్లకెల్లే వచ్చింది. రోజు ఎవలన్న నీళ్లు గుమ్మరిస్తున్నరా?"

"నేనేన్నా పోసేది. పొద్దన్నే వాకిలి కడగకుండా ఎట్లుంటారు?"

"మనూర్ల కడిగినంక అలుకుతరు గదా అక్కా. ఉత్త కడుగుడే అయితే మట్టి గోడ ఎన్నొద్దులు ఆగుతది?"

అమ్మ చెయ్యి గోడ మీద అర్ధచంద్రాకారంలో తిరగడం నాకు కళ్లకు కట్టినట్టు కనబడింది. మామా నా కొంగు పట్టుకుని లాగి, ఏమంటున్నాడు అని అడిగింది. అక్కడ ఆమెకు తెలుగు రాదు, అతనికి అరబ్బీ రాదు. ఇద్దరి మధ్యా ఉన్నది నేనొక్కదాన్నే.

కాలువే అంటున్నాడు మామా, అన్నాను.

కాలువను ఇక్కడ ఫలజ్ అంటారు. ఆ ఒక్క మాట మేస్త్రికీ తెలుసు. నా వంక చూశాడు.

"నేను గట్ల జెప్పలే అక్కా. నువ్వు జెప్పినవ్."

"నీకు దండం పెడతా ఊరకుండన్నా. ఉద్యోగం పోతాది నాది."

అతను ఊరకున్నాడు. గోడ అడుగు తీసి కొత్త ఇటుకలు పెట్టి, సారూజ్ పూత పూసి, కొన్ని శుక్రవారాల్లో పని ముగించాడు. వెళ్లేటప్పుడు మాత్రం, తడి పెట్టకు అని ఒక్క మాట అన్నాడు. నేను ఆ రోజు నుంచే బకెట్ పక్కన పెట్టేసి, బండలను తడిగుడ్డతో తుడుస్తున్నాను. తెలివైనదాన్ననుకున్నాను. తప్పు ఆగిపోయింది, ఇక గోడా బాగుంటుంది, నేనూ బాగుంటాను అనుకున్నాను.

నేను మార్చి చెప్పిన ఆ మేస్త్రి మాట కొడుకుల నోటి మీదుగా తమ్ముడికి చేరింది. రోషమున్న మనిషే, కానీ అక్క మీద ప్రేమ అంతకంటే ఎక్కువ. ఎవరికీ చెప్పకుండా, గోడ పక్కగా పోయే పాయకు తన చేతులతోనే రాయీ పాతగుడ్డలూ పెట్టి అడ్డుకట్ట వేసేశాడు. అటు కాలువ ఆగింది, ఇటు నా బకెట్ ఆగింది. గోడ ఎండింది. పగులు మళ్లీ కదల్లేదు. కొడుకులు వచ్చి చెయ్యి ఆనించి చూసి, మేస్త్రి చెప్పింది అక్షరాలా నిజం, కాలువ కట్టగానే తడి పోయింది అన్నారు. ఇంతకంటే రుజువు ఇంకేం కావాలి? తప్పు దిద్దుకుంటున్నాననుకుని, ఆ ముసలాయన మీద నేరం ఖాయం చేసింది నేనే.

ఆయన ఒక సాయంత్రం వచ్చాడు. కర్ర చప్పుడు వినగానే మామా చెప్పులు వేసుకోకుండానే వాకిట్లోకి వచ్చింది. ఆయన వంగి అక్క తల మీద ముద్దు పెట్టి, నాన్న గోడను నా నీళ్లు తినేశాయి, నన్ను క్షమించు అన్నాడు. మామా ఆయన చేతులు పట్టుకుని క్షమించానంది. ఇద్దరూ ఏడ్చారు. కాఫీ పోస్తున్నది నేను. తేలు కుట్టిన దొంగలాగా పెదవులు బిగించుకుని పోశాను. గిన్నెలో సగం కింద ఒలికింది. ఆయన నా వంక చూసి, పర్వాలేదమ్మా, నీకూ ఏడుపొచ్చినట్టుంది అన్నాడు.

కొడుకులు విల్లా మాట ఎత్తడం మానేశారు. అందరూ సంతోషంగా ఉన్నారు. ఎండలు వచ్చాయి. నీళ్లు ఆగిన పాయ వెంట నిమ్మచెట్లు పసుపురంగుకు తిరిగాయి. తర్వాత మామిడిచెట్టు కొమ్మల చివర్లు నల్లబడ్డాయి. ఆయన కూలీల చేత దూరం నుంచి పైపుతో నీళ్లు పోయించి చూశాడు, కుదరలేదు. పాతికమందికి నీడనిచ్చే చెట్టు. దాన్ని కొట్టించిన రోజు ఆయన మా ఇంటికే వచ్చి కూర్చున్నాడు, చూడలేక. గోడ అవతల రంపం చప్పుడు ఆగి ఆగి వస్తోంది. ఆయన మా కొత్త గోడకు వీపు ఆనించి కూర్చుని, ఇల్లు దక్కింది, అంతే చాలు అన్నాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆ పూట నేను మెతుకు ముట్టలేదు. మర్నాడు మామా తల దువ్వుతున్నప్పుడు ఇక ఆపుకోలేకపోయాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు పెద్దవాళ్లు. నాకు వచ్చిన విరిగిన అరబ్బీలో మొత్తం చెప్పేశాను. నీళ్లు, అలుకు, మేస్త్రి అన్నది, నేను మార్చింది. ఇప్పుడు పంపించెయ్యండి నన్ను అని దువ్వెన కింద పెట్టి నిలబడ్డాను.

మామా అద్దంలోంచే నా వంక చూసింది. తర్వాత చెప్పింది.

"నాకు తెలుసు. మేస్త్రి మాట్లాడుతూ కాలువ వైపు చూడలేదు. నీ బకెట్ వైపు చూశాడు."

మరి తమ్ముడు నీళ్లు కట్టేస్తే ఎందుకు ఊరుకున్నారు, క్షమించమని ఎందుకు అడిగించుకున్నారు అన్నాను.

"నీ పేరు బయటికి వస్తే నా కొడుకులు నిన్ను ఆ వారమే విమానం ఎక్కిస్తారు. నువ్వు లేకుండా నన్ను ఒక్కదాన్నే ఈ ఇంట్లో ఉండనిస్తారా? తమ్ముడికి కోపం వస్తే ఎక్కడికి పోతాడు, పక్క తోటలోనే ఉంటాడు. ఆ చెట్టు మాత్రం పోతుందనుకోలేదు."

నేను నేల మీద కూలబడి, ఆయనకు చెప్పేద్దాం మామా, నేనే పోయి చెబుతాను, కాలువైనా తెరుచుకుంటాడు అన్నాను. ఆమె నా చేతికి దువ్వెన తిరిగి ఇచ్చింది. కాలువ సంగతి నేను చూస్తాను, గోడ ఇప్పుడు గట్టిగా ఉంది తెరుచుకోమంటాను అంది. నిజం మాత్రం నేను బతికుండగా వద్దు, వాడు మళ్లీ రావడం మానేస్తే ఈసారి నేను తట్టుకోలేను అంది. నేను పోయాక చెప్పు అంది.

ఆ మాట ప్రకారమే కాలువ తెరిపించింది. బతికిన నిమ్మచెట్లు రెండో మూడో చిగురు వేశాయి. నేను శుక్రవారం వచ్చిందంటే తోటలోంచి మట్టి తెచ్చి, జల్లించి, గోడ అడుగంతా చేత్తో అలుకుతున్నాను. చూడటానికి వచ్చినవాళ్లు దాన్నీ ఫోటోలు తీసుకుంటారు. ఆయన రోజూ వచ్చి, అక్క పక్కన కూర్చుని, నేను పోసిన కాఫీ తాగి, అల్లా నిన్ను చల్లగా చూడాలి అని దీవించి పోతాడు.

మామాకు ఈమధ్య ఆయాసం ఎక్కువైంది. మెట్లు దిగలేకపోతోంది. నా గదిలో పెట్టుకున్న దేవుడి పటానికి పొద్దున్నే దండం పెట్టుకుంటాను, ఈమెను నూరేళ్లు ఉంచు స్వామీ అని. మనసారానే అంటాను. అనేసి లేస్తుండగా తెలుస్తుంది, ఆ ముసలాయనకు నిజం తెలియకుండానే ప్రాణం పోవాలని కూడా అదే దండంతో మొక్కుకుంటున్నానని.